గతించిన పక్షులు - ఉన్న పక్షులు

గతించిన జీవులను గూర్చి విచారించుట పండితుల కాలక్షేపమనియు, దానివలన గృహస్థునకు గాని రైతునకు గాని లాభము లేదనియు మనలో పెక్కుమంది తలంచుచుందురు. మేమట్లు తలంపము. వేల యేండ్ల క్రిందటి పక్షి యెముక యొకటి దొరకినపుడు అది మనకు దెలుపునది ఆ పక్షి యాకారము మాత్రమే కాదు. అది మేసిన నేల యెట్టిదో, ఆ నేల యెట్లు మారినదో, ఆ మార్పులో మనుష్యుని చేయి యెంతవరకు గలదో యని యడుగుటకు గూడ అది మనలను బురికొల్పును. ఈ కడపటి ప్రశ్న భూగర్భశాస్త్రముతో ముగియునది కాదు, ధర్మవిచారమునకు జేరినది.

ఆదోని కొండలను జూచినవారు, ఆ పెద్ద గుండ్లలో నెక్కడనో ప్రాచీనజీవుల జాడలు దాగియుండునని యూహింపవచ్చును. అట్టివేమియు నుండవు. అవి గ్రానైటు రాళ్లు. భూమిలోపల కరగిన ద్రవ్యము చల్లారి గట్టిపడినవి. జంతువనునది పుట్టకపూర్వమే పుట్టినవి. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములనుండి తూర్పునకు బోయి బేతంచెర్ల చేరినచో నేల మారును. అది సున్నపురాతి సీమ. వాననీరు ఆ రాతిని మెల్లమెల్లగా గరగించి గుహలు దొలిచినది. అందు బిల్లసర్గము గుహలను 1844లో న్యూబోల్డు అను సైనికోద్యోగి లోకమునకు దెలిపెను. తరువాత 1883 మొదలు 1885 వరకు రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడును ఆయన కుమారుడును అచట మట్టిని పొరపొరగా ద్రవ్వించిరి. ఈ ఫుట్ దొరగారే నాడు ఆదోనిని గూడ దనలో నిముడ్చుకొనియున్న బళ్లారి జిల్లా భూస్వరూపమును బరిశీలించి 1895లో గ్రంథము ప్రకటించినవారు. గుహలలో దొరకిన యెముకలను లైడెక్కరు అను పండితుడు పరీక్షించి 1886లో వాని వివరములు వెల్లడించెను. వానిలో ఖడ్గమృగము గలదు. నేడు కర్నూలు సీమలో ఖడ్గమృగమనిన పిల్లలు నవ్వుదురు! చతుష్పాదములే కాక పక్షుల యెముకలును అందు గలవు.

అయితే పక్షి యెముక దొరకుట మిక్కిలి యరుదు. ఎగురవలసిన ప్రాణి గనుక దాని యెముక పలుచన, లోపల బోలు. నక్క కొరికినను, ఎద్దు త్రొక్కినను పొడియగును. అందుచేత గతించిన పక్షుల చరిత్రము చాలవరకు చినిగిన పుస్తకము వంటిది. గుడ్డు పెంకు మాత్రము సున్నపుద్రవ్యముతో నిర్మితమై, మందముగా నున్నచో వేల యేండ్లు నిలుచును. కనుకనే ఉష్ట్రపక్షి, అనగా మనవారు నిప్పుకోడి యనునది, ఒకప్పుడు మన దేశమున దిరుగాడెనని తెలియవచ్చినది. మహారాష్ట్రములోని పాట్నెలో సుమారు 25 వేల యేండ్ల నాటి మనుష్యులు ఆ పెంకుతో పూసలు చేసికొనిరి. రాజస్థాన, మధ్యప్రదేశములలో దొరకిన పెంకులనుండి వంశద్రవ్యమును వెలికిదీసి, అవి నేటి ఆఫ్రికా ఉష్ట్రపక్షికి జ్ఞాతులవేయని మన హైదరాబాదులోని శాస్త్రజ్ఞులు 2017లో నిరూపించిరి. మన ప్రకాశము జిల్లాలోనే సుమారు 41 వేల యేండ్ల నాటి ఉష్ట్రపక్షి గూడు బయల్పడినదని 2024లో ప్రకటింపబడినది. ఒక్క గూటిలో తొమ్మిది మొదలు పదునొకండు గుడ్లు!

ఉష్ట్రపక్షి దట్టమైన యడవిలో బ్రతుకదు. దానికి పరుగెత్తుటకు బయలు గావలెను. అది గూడు కట్టిన చోట నాడు గడ్డిబీడు గలదన్నమాట. బీడనగా వ్యర్థభూమి యనియు, దున్నుటకో కట్టుటకో యెదురుచూచుచున్న నేల యనియు మన లెక్కపత్రములు చెప్పును. ఆ గుడ్డు పెంకు వేఱొక మాట చెప్పుచున్నది. మన మెఱుగకపూర్వమే ఆ బీడొక నిండు సంసారము.

ఇచట కొందరు సంపాతి జటాయువుల పేరెత్తి, ఈ మహాపక్షుల సంగతి మన పూర్వులకు మునుపే తెలియునని వాదింతురు. ఈ వాదము వలన శాస్త్రమునకును మేలు లేదు, పురాణమునకును మేలు లేదు. జటాయువు కథలో మనము నేర్చుకొనదగినది పక్షి రెక్కల కొలత కాదు. రాజకుమారుడొకడు పక్షికి బంధువువలె నుత్తరక్రియలు జరిపెననుట.

ఇంతకంటె గట్టి యాక్షేపణ మొకటి గలదు. ఖడ్గమృగము పోయినది, ఉష్ట్రపక్షి పోయినది. పుట్టినదెల్ల గిట్టునని పెద్దలే చెప్పిరి. ఇక నేడొక పక్షి పోయిన విచారమేల యని యడుగువారు గలరు. ఇది వేదాంతమువలె వినబడును గాని వేదాంతము కాదు. మనుష్యులందరును చావవలసినవారే గదా యని హంతకుడు న్యాయస్థానమున జెప్పుకొన్నచో నెవరైన నంగీకరింతురా? ప్రకృతిలో జాతులు నశించుట నిజమే. ఉష్ట్రపక్షి మన నేలనుండి తొలగుటకు వేల యేండ్లు పట్టినది. మన యెదుట నశించుచున్న జాతికి ఒక తాత జీవితకాలము పట్టుటలేదు.

బట్టమేకపిట్టనే చూడుడు. మనిషి నడుమంత యెత్తుండి, బయళ్లలో ఠీవిగా నడచు పక్షి. ఏటికి సాధారణముగా నొక్కటే గుడ్డు; అదియు గూడు లేక నేలమీదనే. దీని రక్షణకై 1988లో రోళ్లపాడున అభయారణ్య మేర్పడెను. కొంతకాలముగా అచట ఆ పక్షి కనబడుటయే గగనమైనది. ఆదోనికి పడమట, కర్ణాటకములోని సిరుగుప్ప బయళ్లలో కొలదిపాటి పక్షులు కనబడినవి. దేశమంతటను మిగిలినవి నూట యేబదికి లోపు. వానిలో పెక్కులు రాజస్థానముననే యున్నవి. వేటకాండ్రు కొన్నిటిని చంపిరి. నాగలి వాని బయళ్లను దినినది. మిగిలినవానికి విద్యుత్తంత్రులు యమపాశములైనవి, ఏలయన నీ పక్షి చూపు ముందువైపునకు సరిగా ప్రసరింపదు.

ఇంతవరకు చెప్పుట సులభము. రోళ్లపాటి చుట్టుపట్ల రైతు నడిగినచో నాతడు వేఱు కథ చెప్పును. బట్టమేకపిట్టకై బీడును గాపాడగా కృష్ణమృగములు పెరిగినవి. అవి చేలలో బడి మేసినవి. మొదట పక్షిని జూచి మురిసిన పల్లెవారే తరువాత దానిపేరు విన్న మండిపడిరి. వారిని నిందించుటకు మాకు నోరు రాదు. వానలు సరిగా గురియని యేట ఆదోని, ఎమ్మిగనూరు పల్లెలనుండి కుటుంబములకు కుటుంబములే ఇండ్లకు తాళము వేసి కూలికై వలసపోవుచుండును. అట్టి సీమలో, ఆకలిగొన్నవాని చేనిని మేపి పుణ్యము సంపాదింప జూచుట యే ధర్మము? పక్షిని గాపాడుమని పట్టణములోని వారము వ్రాయుదుము. వెల చెల్లించువాడు పల్లెలోనున్నాడు. మేసిన పంటకు పరిహారము అదే ఋతువులో, పదిసార్లు తిరుగనక్కరలేకుండ చేతికందవలెను. బీడును బీడుగా నుంచిన గొల్లలకును రైతులకును ఏటేట ప్రతిఫలము ముట్టవలెను. ఆ సొమ్ము మనమిచ్చు పన్నులనుండి రావలెను. ఇది దానము కాదు, ఋణము.

పత్తికొండ సీమలో ఎర్రగుడి బండలపై అశోకుని శాసనములున్నవి. వానిలో మొదటిది జంతువధను గూర్చినది. మునుపు తన వంటశాలలో దినమునకు లక్షలాది ప్రాణులు చంపబడుచుండెననియు, ఇపుడు రెండు నెమళ్లును ఒక జింకయు మాత్రమేయనియు, ఆ జింకయు ప్రతిదినము కాదనియు రాజు చెప్పుకొన్నాడు. ఆయన యెవని చేనును అడుగలేదు. తన వంటయిల్లు మొదట చూచుకొన్నాడు. అయినను శాసనము చెక్కునాటికి ఆ రెండు నెమళ్లు ఇంకను కోయబడుచునే యుండెను. ఇకముందు అవియు కోయబడవని మాత్రము మాట యిచ్చినాడు.