ఇంటి ముంగిట వాహన సేవ

సూర్యుడు అస్తమించేలోగా సైంధవుణ్ని వధిస్తానన్నది అర్జునుడి ప్రతిన. పొద్దు వాలుతోంది. బాణాలు తగిలి గుర్రాలు డస్సిపోయాయి. అంత తొందరలోనూ కృష్ణుడు శత్రుసేనల నడుమే రథం ఆపాడు. అర్జునుడు నేలపై నిలిచి వైరులను అడ్డుకుంటూ, బాణంతో భూమిని చీల్చి నీళ్లు రప్పించాడు. బాణాలతోనే ఒక శాల కట్టాడు. జగద్గురువు గుర్రాలను విప్పి, వాటి ఒంట్లో దిగిన ములుకులను తన చేతులతో తీసి, ఒళ్లు నిమిరి, నీళ్లు తాగించి మళ్లీ రథానికి పూన్చాడు. ద్రోణపర్వంలోని ఈ ఘట్టం మనకో పాఠం. మనల్ని మోసేదాన్ని మన చేతులతో చూసుకోవడం చిన్నపని కాదు, ధర్మం.

నేడు సామాన్యుడి రథం మోటారు సైకిల్. దాని టైరు మార్చడం ఇంటి ముంగిట చేసుకోదగ్గ పనే. ట్యూబ్‌లెస్ టైరు రిమ్ములో కూర్చోవడానికి సాధారణంగా కంప్రెసర్ గాలి కావాలి కనుక, నేర్చుకునేవారికి ట్యూబు టైరు అనువైనది. బండికి సెంటర్ స్టాండ్ వేసి, ఇరుసు నట్టు విప్పి, చైను తప్పించి వెనక చక్రం బయటికి తీయాలి. ఇరుసు వెంట వచ్చే బుష్షులను, వాషర్లను వచ్చిన వరసలోనే ఓ గుడ్డ మీద పేర్చుకోవాలి. వాల్వు పిన్ను తీసి గాలంతా పోనిచ్చాక, టైరు అంచును కాలితో తొక్కి రిమ్ము నుంచి వదిలించి సబ్బునీళ్లు రాయాలి.

అసలు పరీక్ష ఇక్కడే. టైరు అంచులో ఉక్కుతీగల చుట్ట ఉంటుంది. అది సాగదు. తెలియనివారు లివరు దూర్చి ఒంట్లోని బలమంతా పెడతారు. ట్యూబు చిరుగుతుంది, రిమ్ము సొట్టపోతుంది, అంచు మాత్రం లేవదు. రిమ్ము మధ్యలో చుట్టూ లోతైన గాడి ఉంటుంది. లివరు పెట్టినచోటికి సరిగ్గా ఎదురువైపు అంచును మోకాలితో నొక్కి ఆ గాడిలోకి దించాలి. అప్పుడు ఇవతలి వైపు వదులవుతుంది. బెత్తెడు బెత్తెడుగా జరుపుతూ పోతే పెద్దగా శ్రమ లేకుండానే అంచు బయటికి వస్తుంది.

మనసుతో వ్యవహారమూ ఇలాంటిదే. కోపాన్నో, పంతాన్నో అది పైకి తేలినచోటే పట్టుకుని పెకలించబోతాం. అది మరింత బిగుసుకుంటుంది. దానికి ఎదురుగా, మన కంటపడని చోట అహం కూర్చుని ఉంటుంది. అది ఒక మెట్టు దిగితే పట్టు దానంతటదే సడలుతుంది. సాధనలో బలంకన్నా వినయం ఎక్కువ పనిచేస్తుందని పెద్దలు చెప్పేది అందుకే.

కొత్త టైరు ఎక్కించేటప్పుడు కావలసింది శ్రద్ధ. స్పోకుల మొనలు ట్యూబుకు గుచ్చుకోకుండా రిమ్ములో ఉండే రబ్బరు పట్టీ సరిగ్గా ఉందో లేదో తడిమి చూడాలి. టైరు పక్కన ఉన్న బాణం గుర్తు చక్రం తిరిగే దిక్కుకే ఉండాలి. ట్యూబు మడత పడకుండా ముందు కొద్దిగా గాలి నింపాలి. రిమ్ము పక్కన టైరు మీది గీత చుట్టూ ఒకే ఎడంలో కనిపిస్తేనే అంచు సరిగ్గా కూర్చున్నట్లు. చైను బిగువు, రెండు వైపులా సర్దుబాటు గుర్తులు, చివరికి బ్రేకు... అన్నీ సరిచూశాకే బండి కదలాలి.

బండి రోడ్డెక్కాక ఈ జాగ్రత్తల్లో చాలావరకు ఎవరికీ కనిపించవు. ఎవరూ మెచ్చుకోరు. అయినా వెనక కూర్చునే ఇల్లాలి ప్రాణం, ముందు కూర్చునే పసివాడి ప్రాణం వాటిమీదే ఆధారపడి ఉన్నాయి. చూసేవారు లేనిచోట కూడా లోపం లేకుండా చేసిన పని భగవంతుడికి నేరుగా చేరుతుంది. గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు యోగాన్ని కర్మల్లోని నేర్పుగా చెప్పాడు. యుద్ధానికి ముందు చెప్పిన ఆ మాటను 14వ రోజున గుర్రాల దగ్గర ఆచరించి చూపాడు.

దసరాకు మనం బండి కడిగి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలుంచి పూజ చేస్తాం. మంచి సంప్రదాయం. ఈసారి పూజకు ముందు చక్రం పక్కన ఒక్కసారి కూర్చోండి. గాళ్లు అరిగాయేమో, పక్కలు పగిలాయేమో చూడండి. టైరు మీద నాలుగంకెల తయారీ తేదీ ఉంటుంది. 2324 అని ఉంటే 2024లో 23వ వారం అని అర్థం. మార్చాల్సి ఉంటే మార్చండి. చేతకాకపోతే మెకానిక్ దగ్గర నిలబడి నేర్చుకోండి, ఆయన శ్రమను గౌరవించండి. అరిగిన టైరుకు పెట్టిన కుంకుమకన్నా, సరిచేసిన చక్రమే అమ్మవారికి ప్రీతికరమైన పూజ.