నది నెరుగని పుట్టివాడు



బీచుపల్లి రేవున కృష్ణానది క్రొత్తవారికి ప్రశాంతముగనే కనబడును. సుడి యెచ్చటనున్నదో, బండ యెచ్చట దాగియున్నదో పుట్టి నడుపువానికే యెరుక. వంతెన లేని కాలమున ఆవలి యొడ్డు చేరగోరిన తల్లి చంకలోని బిడ్డతో సహా పుట్టివానినే నమ్ముకొనెడిది. వానికి నది తెలియనిచో మునుగువాడు వాడొక్కడే కాదు.

గురువు పనియు నిట్టిదే. చైనా దేశమున, కాంటనీసు మాటలాడువారిలోను, అయోగ్యుడగు ఉపాధ్యాయుని నిందించుటకు నాలుగక్షరముల నానుడి యొకటి కలదు. "పరుల బిడ్డలను పెడత్రోవ పట్టించుట" యని దాని భావము. మన పెద్దలు దీనినే అంధపరంపరా న్యాయమనిరి. ఆ నానుడిలో "పరుల బిడ్డలు" అను మాట గమనింపదగినది. చెడునది గురువు సొత్తు కాదు. ఇతరులు నమ్మి అప్పగించిన సొత్తు.

అష్టావరణములలో గురువునకే ప్రథమస్థానము. ఇష్టలింగమును శిష్యుని కరస్థలమున నుంచువాడు గురువే గదా! ఆ పీఠమునకు గౌరవము ముందుగనే లభించును. యోగ్యతను మాత్రము దినదినము సంపాదించుకొనవలెను.

పాఠశాలలో నొక బాలుడు లేచి, "సార్, ఇది ఎట్ల వచ్చింది?" అని యడుగును. ఉపాధ్యాయునికి సమాధానము తోచదు. "కూర్చోరా!" యని గద్దించును. తరగతి యంతయు నవ్వును. ఆ బాలుడు మరునాడు నోరు విప్పడు. ఆ యేడంతయు విప్పడు. కూలి సొమ్ముతో పుస్తకములు కొనియిచ్చిన తల్లిదండ్రులు తమ బిడ్డకే తెలివి చాలదని కుములుదురు.

తెలియకపోవుట పాపము కాదు. తెలియనిదానిని కప్పిపుచ్చుటకు బిడ్డ నోరు మూయించుట పాపము. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున మడివాలు మాచయ్య కథ కలదు. బిజ్జలుని కొలువున భండారమును చేతబట్టిన బసవేశ్వరునిలో దానగర్వము పొడసూపగా, బట్టలుతుకు మాచయ్య దానిని ఎత్తిచూపెను. బసవేశ్వరుడు కినుక వహింపక, తలవంచి మన్నింపు వేడెను. దానివలన ఆయన గురుత్వము తరుగలేదు.

కనుక బోధించువారలారా! "నాకు తెలియదు, రేపు చదివి చెప్పెదను" అనుటకు సిగ్గుపడకుడు. ఆ రాత్రి నిజముగ చదువుడు. తల్లిదండ్రులారా! బడినుండి వచ్చిన బిడ్డను "ఏమి నేర్చితివి?" అనుటతో ఆపక, "ఏమి అడిగితివి?" అనియు ప్రశ్నింపుడు. కొన్నాళ్లుగా ఏమియు అడుగలేదని వాడు చెప్పినచో, పుట్టి సుడిని సమీపించుచున్నదని యెరుంగుడు.