ఎడారి పొద నీడ

ధ్యానభాగము: 1 రాజులు 19:1–8



మనము నీళ్లనడుమ పుట్టి పెరిగినవారము. తామర, కలువ, తుంగ, కిక్కిస, ఇవన్నియు మన కొల్లేటి నీటిలో పాదములు పెట్టుకొని బ్రదుకునవే. ఎడారి యనునది మనకు పరిశుద్ధ గ్రంథములో చదివిన మాటయే. అయితే గోదావరి జిల్లాలనుండియు మన ప్రాంతమునుండియు ఎందరో స్త్రీలు ఇంటిపనుల నిమిత్తము కువైటునకు పోవుచున్నారు. వారిలో మన సంఘపు సోదరి యొకతెయు కలదు. ఆ దేశమందలి మిత్రిబాలో 2016 జూలైలో ఎండ 53.9 డిగ్రీలకు చేరినది. "అయ్యగారూ, ఇక్కడ పచ్చనాకు కంటికి కనబడదండి" అని ఆమె మొన్న ఫోనులో ఏడ్చినది.

ఆ మాట వినగానే మాకు ఏలీయా జ్ఞాపకము వచ్చెను. యెజెబెలునకు భయపడి, బెయేర్షెబా దాటి, దినప్రయాణమంత దూరము అరణ్యములోనికి పోయి, ఒక చెట్టు క్రింద చావు గోరి పండుకొనెను. మన తెలుగు బైబిలు దానిని బదరీవృక్షము, అనగా రేగుచెట్టు, అనుచున్నది. హెబ్రీ భాషలో దాని పేరు రోతెము. అదే మాటను 120వ కీర్తనలో అనువాదకులు తంగేడు అనిరి. మన తెలుగు నేలపై లేని మొక్క గనుక, తెలిసిన మొక్కల పేర్లు పెట్టిరి. నిజమునకు అది సన్నని పుల్లలవంటి కొమ్మలుగల పొద. ఆకులు చిన్నవి, త్వరలోనే రాలిపోవును. ఆకుల పని పచ్చని కొమ్మలే చేయును. వేళ్లు లోతునకు దిగి నీరు వెదకును. చలికాలపు చివర తెల్లని పువ్వులు పూయును.

దాని నీడ మన మర్రినీడ వంటిది కాదు, పలుచనిది. దేవుడు ఆ దినమున ఎడారిని కొల్లేరుగా మార్చలేదు. ఆ పలుచని నీడలోనే తన దాసుని నిద్రింపనిచ్చెను. గద్దింపక, దూతచేత రెండుమారులు ఆహారమిప్పించెను.

కువైటు ఎడారిలోను అర్ఫజు అను పొద యున్నది. అది ఆ దేశపు జాతీయ పుష్పము. వేసవిలో ఎండుపుల్లవలె నుండును. వాన పడినప్పుడు చిగిర్చి, వసంతమున చిన్న పసుపు పువ్వులు పూయును. ఈ సంగతి ఆ సోదరికి చెప్పితిమి. "బయటికి పంపిననాడు చూస్తానండి" అన్నది.

ప్రియులారా, అప్పుడు మాకు సిగ్గు కలిగినది. నిరుడు మందిరపు రేకుల నిమిత్తము ఆమెకు ఫోను చేసి కానుక అడిగితిమి. ఆమె పంపెను. "అన్నము తింటివా తల్లీ" అని మాత్రము మేము అడుగలేదు. ఎండలో నున్నదానినే నీడ అడిగితిమి.

పొద నీడ నిచ్చినది. రొట్టె మాత్రము దూత తెచ్చి పెట్టవలసి వచ్చెను. నేడు ఆ పని మనది. ఆమె పిల్లలిద్దరు అమ్మమ్మయొద్ద నున్నారు. ఈ నెలలో వారి గడప త్రొక్కుడి. పిల్లల బడి సంగతి, ముసలితల్లి మందుల సంగతి విచారించుడి. వచ్చు ఆదివారము ఆరాధన పిమ్మట అందరము కలిసి ఆమెకు ఫోను చేసెదము, ఏమియు అడుగుటకు కాదు.

ప్రభువా, దూరదేశమందున్న మా బిడ్డలకు నీవు నాటిన పొదలను చూపుము. వారి ఇంటివారికి మమ్మును నీడగా చేయుము. ఆమేన్.