పట్టణపు పంట ఎవరికి?

ఖాళీ స్థలములందును మేడలపైనను పదిమంది కలిసి కూరగాయలు పండించుట నేడు పలు పట్టణములలో సాగుచున్నది. మందులు చల్లని ఆకుకూర దొరకును, వంటింటి చెత్త ఎరువగును, పిల్లలకు మట్టి పరిచయమగును. ఇవి నిజమైన లాభములే. కాని కాయకమును నమ్మినవారు మరియొక ప్రశ్న వేసికొనవలసియున్నది. విజయనగరము, శ్రీకాకుళము వంటి పట్టణముల చుట్టును పల్లెలు కలవు. అచ్చటి చిన్నరైతులు, ముఖ్యముగా స్త్రీలు, తెల్లవారకమునుపే తోటకూర, గోంగూర, వంకాయలు గంపలకెత్తి పట్టణమునకు తెత్తురు. పట్టణము తన కూర తానే పండించుకొన్నచో ఆ గంపను ఎవరు దింపుదురు?

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. రైతు తన పంటను దళారి లేకుండ తానే అమ్ముకొనవలెనను తలంపుతోనే 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశమున రైతు బజారులు మొదలైనవి. పల్లెకును పట్టణమునకును వేసిన ముడి అది. ఆ ముడిని విప్పునట్టి తోట ఎంత పచ్చగా నున్నను ధర్మము కాజాలదు.

అయినను మేడ ఎంత పండింపగలదు? కుండీలలో వరి పండి ఇల్లు గడువదు. చోడి, గంటి మెట్టపొలముననే పండవలెను. విజయనగరము వ్యవసాయ పరిశోధనా స్థానము రూపొందించిన చోడి వంగడమొకదానికి ఈ నేలపై పారు చంపావతీనది పేరే పెట్టినారు. 1991లో సోవియట్ యూనియన్ కూలి, సరకుల రాక తగ్గినపుడు, క్యూబా రాజధాని హవానాలో ప్రజలు బీడుస్థలములను కూరమడులుగా మార్చుకొనిరి. ఆ దేశమునకు బియ్యము మాత్రము అటుపిమ్మటను ఓడలమీద రావలసియే యున్నది.

పట్టణపు తోటకు తగిన సమయము ఆపత్కాలము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ తీరమును తాకినవి. తిత్లీ ఉద్దానమున కొబ్బరి, జీడి తోటలను నేలగూల్చినది. కొబ్బరి మరల కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. తోటకూర నెలదినములలో కోతకు వచ్చును.

ఇక ఈ తోటలో పనిచేయు చేతులెవరివి? ఈ రెండు జిల్లాలనుండి పొట్ట చేతబట్టుకొని విశాఖపట్టణమునకు, హైదరాబాదునకు, చెన్నపట్టణమునకు వెడలినవారెందరో కలరు. వారిలో పలువురు మేడలు కట్టు కూలీలు, కొందరు అపార్టుమెంట్ల వాచ్‌మన్‌లు. మేడపైన యజమాని పుస్తకము చూచి మట్టి కలుపుచుండగా, ఆకుముడత చూచినంతనే తెగులు గుర్తింపగలవాడు క్రింద గేటు తీయుచుండును. వానిని పిలిచి నీరు పోయుమనుట సులభము; వానికి పీట వేసి నేర్చుకొనుట కష్టము. కూలికి నీరు పోయించి కాయకము చేసితిమనుకొనుట ఆత్మవంచన.

కల్యాణమున ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యమేరి దాసోహము జరిపెడివాడు. ఒకనాడతడు మామూలుకంటె అధికముగా తేగా, ఇల్లాలు లక్కమ్మ దానిని తెచ్చినచోటనే పోసిరమ్మన్నదని కథ. దాసోహమునకైనను అక్కరకు మించినది ఆమెకు సమ్మతము కాలేదు. ఆ కొలతతో చూచినచో, కొనగలవాడు గంపలోని కూరనే కొనవలెను, బేరమాడక కొనవలెను. ఉమ్మడి తోటలోని పంట కొనలేనివారికి చేరవలెను. మఠము వెనుక బీడుపడిన స్థలమున్నచో అందలి బెండకాయ దాసోహపు వంటశాలకును, ఆసుపత్రిలో రోగుల ప్రక్కన పస్తుండు బంధువులకును పోవుట ఉచితము. (పూలమొక్కలకు చోటున్నచోట బెండకు చోటులేదనుట సాకు మాత్రమే.)

తాను తినని పంటకు ఎవడు నీరు మోయునని అడుగువారుందురు. ఆ మాటలో నిజము లేకపోలేదు. మొదటి మాసము వచ్చిన ఇరువదిమందిలో మూడవ మాసమునకు ఐదుగురు మిగులుట వింత కాదు. పనిచేసినవారు తలకొక కట్ట తీసికొనిపోవుట తప్పునుగాదు. నెలదినములు నీరు మోసి ఒక కట్ట కోసినవానికి బజారులో కట్టకు రూపాయి తగ్గింపుమని అడుగుటకు నోరు రాదు. ఆ తోటవలన పల్లె రైతునకు కలుగు లాభమదియే.

నీటి మాట మిగిలినది. వేసవిలో వీధికుళాయి కడ బిందెలు బారులు తీరియుండగా తోటకు గొట్టము తెరచుట న్యాయము కాదు. బియ్యము, కూరలు కడిగిన నీటితో బ్రతికినన్ని మొక్కలు బ్రతుకును. తక్కిన మడులను ఎండనిచ్చి, తొలకరికి మరల విత్తుకొనవచ్చును.