ఊరు చూసి వచ్చే ఖర్మ

తెలుగులో కర్మ అనే మాట రెండు రకాలుగా పలుకుతుంది. పురాణం చెప్పే పంతులు నోట అది కర్మ. నడుం పట్టేసి మంచం దిగలేని మనిషి నోట అదే ఖర్మ. ఇబ్రహీంపట్నం దాటి సాగర్ రోడ్డు మీద యాచారం, మాల్ మీదుగా నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు పోతే తగిలే పల్లెల్లో ఏళ్ల తరబడి వినిపించింది రెండోదే.

చిన్నప్పుడే పళ్లకు గార. వయసు ముదరకముందే మెడ తిరగదు, కీళ్లు బిగుసుకుంటాయి, వెన్ను వంగుతుంది. కారణం కాళ్ల కిందున్న గ్రానైటు రాయి. అందులోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ మెల్లగా నీళ్లలోకి దిగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. కాచి చల్లార్చి తాగమనే పెద్దల సలహా ఇక్కడ పారదు. కాస్తే నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగులుతుంది.

పూర్వజన్మలో ఏ పాపం చేశారో అనుకోవడం తేలిక. కానీ లెక్క కుదరదు. కర్మ ఎవరిది వాళ్లదే అంటారు కదా. ఇక్కడ మాత్రం అది బావిని బట్టి వస్తోంది. పొరుగూరి నుంచి తెల్లటి పళ్లతో కాపురానికి వచ్చిన కోడలికి కొన్నేళ్లకు కీళ్లు పట్టేస్తాయి. చిన్నప్పుడే పట్నం చేరి అక్కడి నీళ్లు తాగి పెరిగిన తమ్ముడు నిటారుగా నడుస్తాడు. ఒకే ఇంటి పుట్టుక, ఒకే గోత్రం. పూర్వజన్మ పాపానికి ఊరి పేరు, బోరు లోతు ఎలా తెలిశాయి?

ఈ ప్రశ్న కొత్తది కాదు. చరక సంహిత విమానస్థానంలో జనపదోద్ధ్వంసనం అనే అధ్యాయం ఉంది. గంగ ఒడ్డున నడుస్తూ అగ్నివేశుడు గురువైన ఆత్రేయుణ్ణి దాదాపు ఇదే అడుగుతాడు: ప్రకృతి, తిండి, బలం, వయసు వేర్వేరుగా ఉన్న మనుషులంతా ఒకేసారి ఒకే జబ్బున ఎలా పడతారు? ఆత్రేయుడి జవాబు సూటిగా ఉంటుంది. మనుషులు వేరైనా వాళ్లకు గాలి, నీరు, నేల, కాలం ఉమ్మడివి; అవి చెడితే అందరూ పడతారు. మరి అవెందుకు చెడతాయి? అధర్మం వల్ల. ఎవరి అధర్మం అన్నదే అసలు సంగతి. దేశానికి, నగరానికి పెద్దలైనవాళ్లు ధర్మం తప్పి పాలించడంతో అది మొదలవుతుందని ఆత్రేయుడు వేలెత్తి చూపుతాడు.

బుద్ధుడు ఇంకో అడుగు ముందుకేశాడు. మోళియ సీవకుడనే పరివ్రాజకుడు వచ్చి, సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ ఫలమేనంటున్నారు, మీరేమంటారని అడిగాడు. సంయుత్త నికాయంలో ఉందీ సంభాషణ. పైత్యం, శ్లేష్మం, వాతం, ఋతువుల మార్పు ఇలా ఎనిమిది కారణాలు చెప్పి, కర్మ వాటిలో ఒకటి మాత్రమేనన్నాడు బుద్ధుడు.

అయితే పాపం రాయిదేనా? రాయి కోట్ల ఏళ్లుగా అక్కడే ఉంది. మారింది తాగే నీళ్లే. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కుతుబ్‌షాహీల నాటిది. 1550 నుంచి 1580 దాకా గోల్కొండ ఏలిన ఇబ్రహీం కులీ పేరే ఊరికి నిలిచింది. తెలుగు కవులకు ఆయన మల్కిభరాముడు. తటాకం తవ్వించడం మన సప్తసంతానాల్లో ఒకటి, కన్నకొడుకుతో సమానం. నమాజు చేసే రాజు కాలంలో ఆ పుణ్యం కట్టుకోవడానికి ఎవరికీ అభ్యంతరం రాలేదు. చెరువు నిండితే కింది చేదబావుల్లో ఊరేది చాలావరకు కొత్త వాననీరు. రాతితో దాని సావాసం తక్కువ. చెరువులు ఎండి, బోర్లు వందల అడుగులు దిగాక, రాతి పగుళ్లలో తరతరాలుగా నానిన నీళ్లు బిందెలోకి ఎక్కాయి.

తెలియక జరిగిందనడానికీ లేదు. ఇప్పటి ప్రకాశం వైపు పల్లెల్లో ఈ జబ్బును గుర్తించి షార్ట్ అనే వైద్యుడి బృందం 1937లోనే రాసింది. నల్లగొండ రోగుల మీద 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చింది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించి దానికి నల్లగొండ పేరే పెట్టింది. అపకీర్తిలోనూ ఒక రకం కీర్తి! ఇంతలో అమెరికాలో గ్రాండ్ రాపిడ్స్ నగరం 1945 నుంచి పళ్ల మేలు కోరి అదే ఫ్లోరైడ్‌ను కొలిచి మరీ నీళ్లలో కలుపుతోంది.

చివరికి ఖర్మ అనడం మాని కర్మకు దిగినవాళ్లు ఆ ఊళ్లవాళ్లే. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలిచారు. దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జల సాధన సమితి నీళ్ల కోసం ఇచ్చిన పిలుపు అది. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది, పోలింగే వాయిదా పడింది. వాజపేయి ప్రధానిగా ఉన్నప్పుడు ఎముకలు వంగిన ఒక కుర్రాణ్ణి ఢిల్లీ తీసుకెళ్లి ఆయన బల్ల మీదే పడుకోబెట్టారు.

2004లో కృష్ణ నీళ్లు హైదరాబాద్ చేరాయి. ఆ పైపులు వచ్చింది ఈ దారినే. కోదండాపూర్‌లో శుద్ధి అయిన నీటిని యాచారం మండలం గున్‌గల్ దాకా ఎత్తిపోస్తారు. అక్కణ్ణుంచి పల్లానికి సాహెబ్‌నగర్ వైపు పారుతుంది. దాహం ఉన్న పల్లెల పక్కనుంచే నీళ్లు పట్నానికి పోయాయి. ఆత్రేయుడు వేలు చూపిన అధర్మానికి ఇంతకంటే నిఖార్సైన ఉదాహరణ దొరకదు.

ఊరూరికీ నల్లా ఇచ్చే పథకానికి 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ కట్టి భగీరథుడి పేరు పెట్టారు. పేరు పెట్టినవాళ్లు కథ మొత్తం తలుచుకున్నారో లేదో. సగరపుత్రులు బూడిదైన కొన్ని తరాలకు గానీ గంగ దిగలేదు. ఇక్కడా అంతే, వంగిన ఎముక కృష్ణ నీళ్లు తాగినా సాగదు. పాలపళ్లు ఊడిన మనవడు కొత్తగా వచ్చిన తెల్లటి పళ్లతో తిరుగుతుంటాడు. తాత మాత్రం ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేక, మనిషంతా తిరిగి చూస్తాడు.