పెట్టుబడి అడిగేవారి సత్యం

కురుక్షేత్రంలో పదిహేనో రోజున ద్రోణుడు అడిగింది ఒక్కటే: తన కొడుకు అశ్వత్థామ చనిపోయాడా? ధర్మరాజు చెప్పిన జవాబులో అబద్ధమైన మాట ఒక్కటీ లేదు. అశ్వత్థామ అనే పేరున్న ఏనుగు ఆ రోజు నిజంగానే చచ్చింది. ఏనుగు అన్న మాటను మాత్రం ఆయన ద్రోణుడికి వినపడకుండా గొణిగాడు. అప్పటిదాకా నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నడిచిన ఆయన రథం అప్పుడే నేలను తాకిందని భారతం చెబుతుంది.

హైదరాబాద్ టీ-హబ్‌లోనో బెంగళూరు కోరమంగళలోనో పెట్టుబడిదారు ముందు స్లైడ్లు తిప్పే ఫౌండర్‌కు ఈ కథతో చాలా పని ఉంది. స్టార్టప్ అంటేనే ఇంకా రానిదాని గురించి మాట్లాడటం. ఉత్పత్తి సగమే తయారై ఉంటుంది, కస్టమర్లు పదిమందే ఉంటారు. ఉన్నదున్నట్టు చెబితే డబ్బు రాదేమోనన్న భయం సహజం. మరి, ఇంకా లేనిదాని గురించి సత్యం పలకడం సాధ్యమేనా?

యోగసూత్రాల వ్యాసభాష్యంలో దీనికి దారి దొరుకుతుంది. మనకు తెలిసినది ఎదుటివారికి చేర్చడానికే మాట. అది వారిని మోసగించకూడదు, భ్రమలో పడేయకూడదు, అర్థం కాకుండా పోకూడదు అంటుంది ఆ భాష్యం. దానికి వ్యాఖ్య రాసిన వాచస్పతి మిశ్రుడు మోసపు మాటకు ఉదాహరణగా చూపింది ధర్మరాజు జవాబునే! అంటే వాక్యం ఒప్పయితే సరిపోదు. చెప్పినవాడికి తెలిసిందే విన్నవాడి మనసులోనూ పడాలి.

థెరనోస్ కథను ఈ గీటురాయి మీద పెట్టి చూడాలి. ఎలిజబెత్ హోమ్స్ 2003లో మొదలుపెట్టిన ఈ అమెరికా సంస్థ, వేలి కొసన తీసిన కొన్ని చుక్కల రక్తంతోనే పరీక్షలు చేస్తామంది. 2014 నాటికి దాని విలువ 900 కోట్ల డాలర్లు. తీరా చూస్తే చాలా పరీక్షలు బయట కొన్న మామూలు యంత్రాల మీదే జరిగాయి. పెట్టుబడిదారులకు చూపిన నివేదికల మీద మందుల కంపెనీ ఫైజర్ లోగోను తానే పెట్టానని హోమ్స్ కోర్టులో చెప్పారు. ఫైజర్‌తో థెరనోస్ కొంత పని చేసిన మాట నిజమే. కానీ ఆ లోగో చూసినవారు, ఫైజరే థెరనోస్ సొంత యంత్రాన్ని పరీక్షించి మెచ్చుకుందనుకున్నారు. ఇక్కడా ఏనుగు మాట వినపడలేదు. 2022 జనవరిలో జ్యూరీ ఆమెను పెట్టుబడిదారులను మోసగించిన దోషిగా తేల్చింది.

మన హైదరాబాద్‌లోనూ ఇలాంటి కథ జరిగింది, కాకపోతే సత్యం కంప్యూటర్స్ స్టార్టప్ దశ ఎప్పుడో దాటిన సంస్థ. ఖాతాల్లో చూపిన సొమ్ములో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని 2009 జనవరి 7న దాని వ్యవస్థాపకుడు రామలింగరాజు లేఖ రాశారు. అసలు లాభానికీ చూపిన లాభానికీ మధ్య తేడా మొదట్లో చిన్నదేనని, ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిపోయిందని కూడా ఆ లేఖలోనే ఉంది. కొత్త ఫౌండర్ పదేపదే చదవాల్సింది ఆ భాగాన్ని.

పిచ్‌లో ఏనుగు ఎక్కువగా అంకెల్లో దాక్కుంటుంది. యాప్ మీద కోటి రూపాయల సరుకు అమ్ముడై పది శాతం కమిషన్ దక్కితే, కంపెనీ ఆదాయం పది లక్షలే. కోటిని చూపవచ్చు, పక్కనే, అంతే పెద్ద అక్షరాల్లో పది లక్షలూ ఉండాలి. దీపావళి నెల అమ్మకాన్ని పన్నెండుతో హెచ్చవేసి ఏడాది ఆదాయం అనడం, ఉచితంగా వాడి చూస్తున్న సంస్థను కస్టమర్ల జాబితాలో చేర్చడం, ఆసక్తి ఉందని రాసిన లేఖను ఆర్డరుగా చూపడం కూడా ఇలాంటివే. పెట్టుబడికి ముందు జరిగే తనిఖీలో (డ్యూ డిలిజెన్స్) బ్యాంకు స్టేట్‌మెంట్లూ జీఎస్టీ రిటర్నులూ తెరిస్తే ఇవి బయటపడతాయి. అప్పుడు తప్పించుకున్నా, ఒప్పందంలో ఫౌండర్ సంతకం చేసిన హామీలు వెంటే ఉంటాయి. 2013 కంపెనీల చట్టం 447వ సెక్షన్ కింద మోసానికి పదేళ్ల వరకు జైలు పడవచ్చు.

జీతాలు ఆగిపోతే వీధిన పడే ఉద్యోగుల కోసమే కదా ఈ చిన్న సర్దుబాటు అని వాదించేవారున్నారు. ఆ వాదనను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ధర్మరాజు వైపూ ఒక సైన్యం చావు అంచున ఉంది, స్వయంగా కృష్ణుడే ఆ మాట అనమన్నాడు. అయినా స్వర్గారోహణ పర్వంలో ధర్మరాజు కాసేపు నరకం చూడక తప్పలేదు. ద్రోణుణ్ణి మోసగించినందుకేనని ఇంద్రుడు కారణం కూడా చెప్పాడు. భారతం మంచి ఉద్దేశాన్ని లెక్కలోకి తీసుకుంది, తప్పును మాత్రం కొట్టివేయలేదు.

అమెజాన్ కోసం డబ్బు అడిగినప్పుడు జెఫ్ బెజోస్, అది మునిగిపోయే అవకాశం 70 శాతం ఉందని తొలి పెట్టుబడిదారులకు ముందే చెప్పారు. వారిలో ఆయన తల్లిదండ్రులూ ఉన్నారు. ఆయన తన కలను తగ్గించి చెప్పలేదు, ప్రమాదాన్నీ దాచలేదు. ఇచ్చినవారు తెలిసే ఇచ్చారు.

దీన్ని ఏ ఫౌండరైనా చేయవచ్చు. నేడు ఉన్నదాన్ని ఒక స్లైడులో, రాబోతుందని నమ్ముతున్నదాన్ని వేరే స్లైడులో పెట్టాలి. ఆ నమ్మకం ఏ లెక్కల మీద నిలిచిందో కింద రాయాలి. బ్యాంకులో ఎంత ఉంది, నెలకు ఎంత ఖర్చవుతోంది, ఎన్ని నెలలు గడుస్తుంది అన్నవి అడగకముందే చెప్పాలి. డబ్బు చేతికొచ్చాక నెలనెలా పంపే నివేదికలో, చేజారిన కస్టమర్ సంగతి మొదటి పేరాలోనే ఉండాలి.