రేపిస్త

మా అవ్వ నా పేరు మరిచిపోయి రెండేండ్లయింది. 'దొర' అనే మాట మాత్రం మరువలేదు. మొన్న నేను ఇస్త్రీ చొక్కాతో బడి నుంచి వస్తే మంచం మీది నుంచి లేచి రెండు చేతులు జోడించింది. "నీ బాంచెన్ దొరా, నా కూలి ఎప్పుడిస్తవ్?" కన్న కొడుకుని అడిగింది.

పట్నంలో డాక్టరు గడియారం చూపించి ఇదేందన్నాడు. "పొద్దు సూసేది" అంది. పెన్సిలు చూపిస్తే "పిలగాండ్లు రాసేది" అంది. వస్తువు తెలుసు, పని తెలుసు, పేరే దొరకలేదు. ఈ జబ్బులో పేర్లు జారిపోతుంటాయట. ఇది ఏ సంవత్సరం అని కూడా అడిగాడు. అవ్వ బాగున్ననాడు మాత్రం చెప్పేదా? 1975లో అమెరికాలో తయారైన ఆ పరీక్షలో ఒక వాక్యం రాయమనే ప్రశ్న కూడా ఉంది. చదువు రానోళ్లకు పనికొచ్చేటట్టు దాన్ని మార్చి హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం 1995లో హిందీలో చేశారు.

2013లో హైదరాబాదు నిమ్స్ డాక్టర్లు 648 మంది రోగులను పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు మతిమరుపు జబ్బు సగటున నాలుగున్నరేండ్లు ఆలస్యంగా మొదలైందని రాశారు. బడి మొహం చూడనివాళ్లలోనూ ఆలస్యంగానే మొదలైందట. అవ్వకూ రెండు భాషలుండేవి. గడీ ముందు ఒక తెలుగు, మాదిగవాడలో ఒక తెలుగు. అది ఆ లెక్కలోకి రాదనుకోండి.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు ఆమెతో కొట్లాడాను. "నా సార్ల ముంగట బాంచెన్ అనకు, ఇజ్జత్ పోతుంది" అన్నాను. అవ్వ మానుకుంది. ఇరవై ఏండ్లు ఆ మాట ఆమె నోట వినలేదు. అది పోయిందని, నా చదువే పోగొట్టిందని లోలోపల గర్వపడ్డాను కూడా. కానీ ఈ జబ్బులో ఇటీవలిది ముందు పోతుంది, చిన్ననాటిది, వేలసార్లు అన్నది చివరిదాకా ఉంటుంది. బాంచెన్ అనకపోవడం అవ్వ తర్వాత నేర్చుకున్నది. అదే ముందు పోయింది.

ఇప్పుడు నేనేం చెయ్యాలి? "దొరలు పోయిన్రు అవ్వా, నేను నీ కొడుకును" అంటే వణికిపోతుంది. దొర ఏదో ఎత్తు వేస్తున్నాడని ఆమె భయం. నా భార్య అంటుంది, "రేపిస్త అనరాదు, నిమ్మళంగ పండుకుంటది." నిజమే, పండుకుంటుంది. కానీ ఆనాటి దొర చెప్పింది కూడా ఆ మాటే కదా. అవ్వ నిద్ర కోసం ఆ అబద్ధాన్ని నా నోట చెప్పాలా? చెప్పకుండా నిజం నిలబెట్టుకుంటే ఆ నిజం ఎవరికోసం, ఆమెకా నాకా?

నిన్న రాత్రి ఏదీ అనలేదు. చొక్కా విప్పి, బనీనుతో ఆమె కాళ్ల దగ్గర కింద కూసున్నాను. ఆమె చేతిలో పది రూపాయల నోట్లు ఐదు పెట్టాను. ఒకటి, రెండు అనుకుంట లెక్కపెట్టింది. ఎక్కడా తడబడలేదు. కొంగున ముడేసుకుంది.

"ఇంక రెండు దినాలది రావాలె దొరా" అంది.